దొరల కోటలు, కరణముల కవిలెలు



క్రీ. శ. 1605వ సంవత్సరమున రెండు దూరదేశములయందు ఇరువురు ప్రభువులు తమ తమ వంశగౌరవమును పెంపొందించుకొనిరి. వారిలో నొకడు మన సిద్ధవటము నేలిన మట్ల అనంతరాజు. తన తండ్రి ఎల్లమరాజు గెలిచిన సిద్ధవటమునకు తాను రాతికోట కట్టించితినని ఆ యేటనే, అనగా శక వర్షము 1527లో, ఆయన శాసనము వ్రాయించెను. రెండవవాడు ఇంగ్లండు దేశపు రాబర్టు సెసిల్. ఈతని తండ్రి లార్డు బర్లీ ఎలిజబెత్తు రాణికి నలువదియేండ్లు మంత్రాంగము నెరపి 1598లో గతించెను. కుమారుడును మంత్రియై, 1605లో సాలిస్‌బరీ ప్రభువను బిరుదు పొంది, 1611 నాటికి హాట్‌ఫీల్డు అను చోట గొప్ప మేడ కట్టించెను. ఇరువురును తండ్రి వేసిన పునాదిమీద గోడ లేపినవారే.

ఇపుడు ఆ రెండు వంశముల సంగతి తెలిసికొనగోరినవాడు ఎచ్చటికి పోవలెను? సెసిల్ వంశపు కాగితములు నేటికిని ఆ హాట్‌ఫీల్డు మేడలోనే యున్నవి. ఇంచుమించు ముప్పదివేల పత్రములు. రాణిగారి జాబులు, రాయబారుల జాబులు, కొలువు కోరువారి అర్జీలు, భూముల లెక్కలు, మేడ కట్టిన లెక్కలు, అన్నియు భద్రముగా నున్నవి. మట్లవారి కాగితముల గది యేది? సిద్ధవటము కోటకు పోయి చూచిన, పెన్నానది యొడ్డున గోడలున్నవి, బురుజులున్నవి, గుడియున్నది, మసీదున్నది. కాగితపు ముక్క లేదు.

దీనినిబట్టి మనవారికి చరిత్రదృష్టి లేదని, వ్రాసి దాచు అలవాటు లేదని తీర్పు చెప్పువారు పూర్వమును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. ఆ తీర్పు సరికాదని చెప్పుటయే నేటి నా ప్రసంగమునకు ప్రయోజనము. మనవారు వ్రాసిరి. దాచిరి. అయితే దాచినవాడు కోటలోని దొర కాడు, ఊరిలోని కరణము. ఈ యొక్క భేదమును గుర్తెరిగితిమేని మన సీమచరిత్రను ఎక్కడ వెదకవలెనో, ఎట్లు చదువవలెనో బోధపడును.

ముందుగా ఆ దేశపు సంగతి చూతము. అచ్చట పెద్దింటి కాగితములు నిలుచుటకు కారణములు కలవు. వారి ఆచారము ప్రకారము ఆస్తి జ్యేష్ఠపుత్రునికే చెందును. కావున మేడయు, భూమియు, పెట్టెయు ముక్కలు కాక ఒక్క చేతినుండి మరియొక చేతికి పోవును. భూమిమీద వ్యాజ్యము వచ్చినపుడు పాత పత్రము చూపినవానికే న్యాయస్థానమున గెలుపు. అందుచేత పాత కాగితమనిన వారికి పొలముతో సమానమైన ఆస్తి. పైగా సెసిల్ వంశమువారు ఆ మేడను నాలుగువందల యేండ్లుగా విడువలేదు. 1869లో అచ్చటి ప్రభుత్వము ఇట్టి పెద్దిండ్ల కాగితములను పరిశీలించి అచ్చువేయుటకు ఒక సంఘమును నియమించెను. హాట్‌ఫీల్డు కాగితముల పట్టిక మొదటి సంపుటము 1883లో వెలువడగా, ఇరువదినాల్గవదియు కడపటిదియునగు సంపుటము 1976లో వెలువడినది. ఒక్క యింటి కాగితముల పట్టికకే తొంబదియేండ్లు మించి పట్టినది.

ఇక సిద్ధవటము గతి యెట్లున్నదో చూడుడు. పదునేడవ శతాబ్దమున గోలకొండ సేనాని మీర్ జుమ్లా ఈ సీమపై బడెను. 1650లో గండికోట పెమ్మసానివారి చేతినుండి ఆయన చేతికి పోయినది. తరువాత కడప సీమకు మయానా నవాబులు ప్రభువులైరి. మట్లవారు సిద్ధవటమునకు దూరమై చిట్వేలి పాలెగాండ్రుగా మిగిలిరి. 1779లో హైదరాలీ కడప నవాబును ఓడించి సిద్ధవటము పట్టుకొనెను. 1792లో టిప్పుసుల్తాను ఓడినమీదట ఈ సీమ నిజాముకు వచ్చెను. 1800 అక్టోబరు 12న నిజాము దీనిని ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. రెండువందల యేండ్లలోపల ఇన్నిమారులు ధ్వజము మారిన చోట, ఒక వంశపు పెట్టె తాళముతో సహా నిలుచుట ఎట్లు సాధ్యము? ఓడిన దొర పారిపోవునపుడు పిల్లలను, ఆయుధమును, ఇంటి దేవుని తీసికొని పోవును గాని తాటాకుల మోపును నెత్తికెత్తుకొని పోడు.

దొర పోయినను ఊరు పోలేదు. ఊరితో కరణము నిలిచెను. పన్నిద్దరు ఆయగాండ్రలో ఆయన యొకడు. క్రొత్తగా వచ్చిన ప్రభువు ఏ మతమువాడైనను, ఏ భాషవాడైనను, అతనికి కావలసినది ఒక్కటే: ఏ చేను ఎవనిది, శిస్తెంత, మాన్యమెంత, చెరువు క్రింద తరి యెంత, మెట్ట యెంత? ఈ సంగతి తెలిసినది కరణముయొక్క కవిలెకే. కనుక మీర్ జుమ్లాకును కరణము కావలెను, నవాబునకును కావలెను, హైదరుకును కావలెను, కుంపిణీ కలెక్టరునకును కావలెను. కోట గోడలు ఫిరంగిగుండ్లకు కూలినను కరణము ఇంటి అటకమీది కవిలె కట్ట చెక్కుచెదరకుండుటకు ఇదియే కారణము.

ఈ కవిలెలు తాటాకుమీదను, కడితముమీదను వ్రాయబడెడివి. కడితమనగా బొగ్గుపొడియు చింతగింజల జిగురును కలిపి పట్టించిన గుడ్డ. మడతలుగా మడిచి బలపముతో దానిపై వ్రాయుదురు. తరువాత కాగితము వచ్చినది. పంటల లెక్కలేగాక, ఊరు ఎప్పుడు కట్టబడినది, ఏ కరవులో పాడుపడినది, మరల ఎవరు వచ్చి పొయ్యి రాజవేసిరి, గుడికి మాన్యమెవరిచ్చిరి, చెరువు తెగిన ఏడెవరు గండి పూడ్చిరి అను సంగతులును కొన్ని కవిలెలలో చేరినవి. ఇట్టి పూర్వవృత్తాంతములు గలవానిని దండకవిలెలని పిలిచిరి.

ఈ కవిలెలు వెలుగులోనికి వచ్చిన కథ విచిత్రమైనది. ఆ కథకు మూలము మరల బ్రిటనుదేశపు ఒక ప్రభువంశమే. స్కాట్లండులో నేపియరు వంశమని గలదు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చదివిన పిల్లలకు సంవర్గమానములు తెలియును. వానిని 1614లో లోకమునకు ప్రకటించిన జాన్ నేపియరు ఆ వంశమువాడే. ఆయన వంశజుడగు ఒక లార్డు నేపియరు పదునెనిమిదవ శతాబ్దమున తన పూర్వుని జీవితచరిత్ర వ్రాయించ దలచి, హిందువుల గణితశాస్త్ర విషయములు సేకరించుటకు కాలిన్ మెకంజీ అను యువకుని నియోగించెను. ఆ ప్రభువు 1773లో మరణించెను. మెకంజీ 1783లో కుంపిణీ సైన్యమున ఉద్యోగము సంపాదించి చెన్నపట్టణమునకు వచ్చెను. ఆ ప్రభువు కుమార్తె హెస్టరు అప్పటికి మధురలో భర్తతో నుండి, తండ్రి తలపెట్టిన పనిని సాగించుచుండెను. ఆమె మెకంజీని మధురకు పిలిపించి అచ్చటి పండితులతో పరిచయము చేయించెను. ఆమె కుమారుడు సర్ అలెగ్జాండరు జాన్‌స్టన్ 1832లో ఈ వృత్తాంతమును బ్రిటిషు పార్లమెంటు ఉపసంఘము నెదుట చెప్పియున్నాడు. పరదేశమున నొక వంశము తన తాతను గూర్చి వ్రాయగోరుటచేత, మన తాతల వ్రాతలను వెదకు మనుష్యుడు మన దేశమునకు వచ్చెననుట ఆలోచింపదగిన విషయము.

మెకంజీ భూమి కొలుచు ఉద్యోగి. 1815లో భారతదేశమునకంతటికి సర్వేయర్ జనరల్ అయినవాడు. ఆయనకు మన భాషలు రావు. కనుక ఆయన చూచినది మనవారి కన్నులతోనే. ఏలూరి నియోగులు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఆయనకు కుడిభుజములైరి. బొర్రయ్య పరిచయముతోనే ఈ దేశపు విద్యాద్వారము తనకు తెరువబడినదని మెకంజీయే వ్రాసికొనెను. బొర్రయ్య 1803లో చిన్నవయసుననే గతించెను. తరువాత లక్ష్మయ్య ఆ భారము వహించెను. వారి మనుష్యులు ఊరూర తిరిగి, కరణములను, పూజారులను, పాత పాలెగాండ్ర వంశీయులను కలిసి, శాసనములకు నకలు తీసి, కవిలెలు చూచి, ఆ యూరి వృత్తాంతమును వ్రాసికొనిరి. ఆ వ్రాతలకు కైఫీయతులని పేరు. కైఫీయతు అరబ్బీ మాట. స్థితిగతుల వివరణమని దాని యర్థము.

1821లో మెకంజీ మరణించునాటికి ఆయన చేర్చిన సామగ్రిలో శాసనములే 8,076, స్థానిక వృత్తాంతములు 2,070, నాణెములు 6,218. కుంపిణీ దానిని ఆయన భార్యనుండి కొనెను. విల్సన్ పండితుడు 1828లో కలకత్తాలో దాని పట్టికను ప్రకటించెను. కొంతభాగము లండనుకు పోయెను. దక్షిణదేశ భాషల భాగము చెన్నపట్టణమునకు తిరిగి వచ్చెను. ఆ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య దరఖాస్తు పెట్టుకొనగా, దానిని పరిశీలించిన కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు అట్టి సమర్థత ఆయనకు లేదని త్రోసిపుచ్చిరి. ముప్పదియేండ్లకు తక్కువ గాకుండ ఆ కాగితములతోనే బ్రతికినవానికి దొరికిన బహుమానము అది! తరువాత చెన్నపట్టణమున ఆ తాటాకులు, కాగితములు పురుగుల పాలగుచుండగా, కడపలో ఉద్యోగము చేసి తెలుగు నేర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర, తన పండితులచే వానికి నకళ్లు వ్రాయించెను. చరిత్రకారులు స్థానిక చరిత్రలని పేర్కొను సంపుటములు అవియే. మన కడపలో బ్రౌను బంగళా ఉండిన తావున వెలసిన పరిశోధన కేంద్రమువారు కడప సీమ కైఫీయతులను అనేక సంపుటములుగా అచ్చువేసియున్నారు. చదువ నేర్చిన పెద్దలు తమ యూరి కైఫీయతు అందున్నదేమో చూడవచ్చును.

అయితే చూచువారికి ఒక హెచ్చరిక. కైఫీయతు పురాణము కాదు, ప్రమాణవాక్యమును కాదు. అది ఒకవిధమైన అర్జీ. అది వ్రాయబడిన కాలమును గమనింపవలెను. 1800 మొదలు 1807 వరకు థామస్ మన్రో ఈ దత్తమండలములకు పెద్ద కలెక్టరు. నాడు ఎనుబదిమంది పాలెగాండ్రు ఇచ్చట నుండిరని చెప్పుదురు. వారి బలగమును మన్రో అణచి, పాలెములను స్వాధీనము చేసికొని, కొందరికి పింఛనులు ఏర్పాటు చేసెను. ఎవని మాన్యము నిలుచునో, ఎవనిది పోవునో తెలియని దినములవి. అట్టి దినములు గడచిన కొలదికాలమునకే, దొరగారి మనుష్యులు వచ్చి మీ వంశవృత్తాంతమేమి యని యడుగగా, ఏ పాలెగాని సంతతివాడు తన తాత సామాన్యుడని చెప్పును? ఏ కరణము తన మిరాసి నిన్నమొన్నటిదని చెప్పును? కనుకనే వంశములు చంద్రసూర్యులదాక పోవును. కనుకనే కుందేలు వేటకుక్కను తరిమిన తావున కోట కట్టిరను కథ ఒక్క విజయనగరమునకేగాక ఎన్నో ఊళ్లకు వచ్చి చేరినది.

అంతమాత్రమున వానిని పారవేయరాదు. హాట్‌ఫీల్డు కాగితములలో మాత్రము స్వప్రయోజనము లేదా? మంత్రి వ్రాసిన జాబులో మంత్రి తప్పు కనబడునా? ఏ వంశపు కాగితమైనను ఆ వంశమునకు వకీలే. వకీలు మాట వినవలెను, సాక్షులను విచారింపవలెను. మట్లవారి విషయమే చూడుడు. చిట్వేలి కైఫీయతు ఆ వంశకథను చెప్పుచున్నది. సిద్ధవట శాసనము మరియొక సాక్షి. అనంతరాజు కవియు నగుటచే ఆయన రచించిన కాకుత్స్థవిజయములోని అవతారిక మూడవ సాక్షి. మన కావ్యముల అవతారికలు కేవలము పొగడ్తలని చదువక విడుచువారు కలరు. కాని నంద్యాల కృష్ణమరాజునకు పింగళి సూరన కళాపూర్ణోదయము నంకితమిచ్చినపుడు చేసిన వంశవర్ణనయు ఒక పెద్దింటి కాగితమే. రాయి, ఆకు, కావ్యము అను మూడును ఏకవాక్యముగా పలికినచోట నిస్సంశయముగా నమ్మవచ్చును. భేదించినచోట, ఎవరికి ఏది లాభమో విచారించిన పిమ్మట నమ్మవలెను.

ఇంతకన్న ముఖ్యమైన మాట యొకటి. కైఫీయతులో దొర గొప్ప చెప్పిన వాక్యముకంటె, దారిలో యథాలాపముగా వచ్చిన వాక్యమే విలువైనది. ఫలాని కరవున ఊరు పాడైనది, ఫలానివారు కాలువ త్రవ్విరి, చెరువు కట్టినందుకు దశబంధపు మాన్యము ఫలానివానికి చెల్లుచున్నది, ఇట్టి మాటలు వంశగౌరవముకొరకు వ్రాసినవి కావు. కనుకనే అవి నమ్మదగినవి. వర్షము చాలని మన సీమకు రాజుల దండయాత్రలకంటె చెరువు కట్టలే అసలైన చరిత్ర. అయినను ఆ కట్టకు మన్ను మోసినవారి పేళ్లు దొర కాగితములోను లేవు, కరణము కవిలెలోను అరుదు. పోరుమామిళ్ల చెరువు శాసనము 1369వ సంవత్సరపుది. దానిలో దినమునకు వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసినట్లున్నది. వేయిమంది యను లెక్క యున్నది. వారిలో నొకని పేరైన లేదు. కాగితములున్న వంశముల చరిత్ర చదువునపుడు కాగితములు లేని వంశములు ఎక్కువని మరువరాదు.

కాగితము లేని వంశమునకు ఏమి గతి పట్టునో కోయిలకుంట్ల ప్రాంతమువారికి నేను చెప్పనక్కరలేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు వచ్చుచుండిన పింఛను 11 రూపాయల 10 అణాల 8 పైసలు. బంధువగు నొస్సము జయరామిరెడ్డి సంతానహీనుడై చనిపోగా ఆతని పింఛనును కుంపిణీ నిలిపివేసెను. తమ కది రావలెనని నరసింహారెడ్డి వాదము. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగెను. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసిరి. ఈ వృత్తాంతము నేడు రెండు తావుల వినబడును. ఒకటి కలెక్టరుల జాబులు, విచారణ దస్త్రము. ఆయనను పట్టి ఉరితీసినవారు వ్రాసినది. రెండవది పల్లెలలో పాడుకొను పాట. ఆయనను ప్రేమించినవారు కట్టినది. ఈ రెంటికి నడుమ ఆయన యింటివారి పెట్టె యొకటి భద్రముగా నిలిచియున్నచో, తేదీలతో, లెక్కలతో, ఆయన హక్కును ఆయన నోటనే వినియుందుము. పాటకు గుండె కదలించు శక్తి కలదు గాని, ఫలాని దినమున ఫలాని మొత్తము రావలెనని ఋజువు చేయు శక్తి లేదు.

ఇక మనకాలపు మాట. 1984లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కరణము, మునసబు ఉద్యోగములను రద్దుచేసెను. వంశపారంపర్యపు పెత్తనము పోవుట మంచిదే. దానిని నేను తప్పుపట్టను. కాని హక్కుతోపాటు కాగితమును కాపాడవలసిన అవసరమును పోయినది. సర్కారు లెక్కలు సర్కారు కచ్చేరికి చేరినవి. తాతల నాటి కవిలెలు, నకళ్లు, జాబులు, దానపత్రములు అటకలమీదనే మిగిలినవి. నేను బడిలో నుండిన దినములలో పిల్లలు అప్పుడప్పుడు ఇట్టివి తెచ్చి చూపెడివారు. గొలుసుకట్టు వ్రాత, తల్లిదండ్రులు చదువలేరు. చదువలేనిది పనికిరానిదని పొయ్యిలో పెట్టినవారు కలరు; ఇల్లు పడగొట్టునాడు మట్టితో కలిపి బండి కెత్తినవారును కలరు.

కనుక పల్లెల పెద్దలకు నా విన్నపము. ఇంట తాటాకుగాని పాత కాగితముగాని యున్నచో తడి తగులనీయకుడు. ఎర్రటి ఎండలోను పెట్టకుడు. అంటుకొన్న ఆకులను బలిమితో విడదీయకుడు. కాగితముమీద బంక పట్టీలు అంటింపకుడు. మెత్తని కుంచెతో ధూళి దులిపి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి, వేపాకు దగ్గర నుంచి, ఏటికొకసారి తీసి చూడుడు. ఆ కట్టపై అది ఎవరి యింటిది, ఏ యూరిది, ఎవరి చేతినుండి వచ్చినది అను మూడు మాటలు వేరు చీటిమీద వ్రాసి కట్టుడు. చిరునామా లేని తాటాకు సగము మూగది. ఆస్తి పోవునను భయమున్నచో అసలు మీయొద్దనే యుంచుకొని, ఛాయాచిత్రము తీయనిండు. కాపాడలేమనుకొన్నవారు కడప బ్రౌను కేంద్రమునకో, తిరుపతి విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థకో తెలియజేయవచ్చును.

మరియొకటి, గొలుసుకట్టు వ్రాత చదువగల వృద్ధులు ఊరికొకరిద్దరు ఇంకను మిగిలియున్నారు. మీలో నట్టివారుండిన, ఈ వేసవిలో మనుమనినో మనుమరాలినో దగ్గర కూర్చుండబెట్టుకొని నెలకొక పత్రము చొప్పున చదివించుడు. మన పొలము గట్టు మొదట ఎక్కడ నుండెనో, మన చెరువుకు గండి పడిన యేడు ఏదో వారి చేతితోనే వ్రాయించుడు. ఆ వ్రాసిన దానిక్రింద తేదీ వేయించుట మరువకుడు.